గుండె ఉప్పు

ఆ పొద్దున మోడం పట్టింది. పట్టడమే గాని దిగే మోడం కాదు. పడమట కర్ణాటక వైపు నుంచి నల్లగా లేచి, కుందుర్పి కొండ మీద కాసేపు కూర్చుని, కింద వాడిపోతున్న చెనిక్కాయ చేలను ఒకసారి చూసి, ఇక్కడ నాకేం పని అన్నట్టు తూర్పుకు జరిగిపోయింది. ఇరవై రెండు రోజులుగా ఇదే వరస. చెనిక్కాయకు ఊడలు నేలలోకి దిగాల్సిన కాలంలో నేల పెంకులా ఉంది. ఊర్లో మగవాళ్ళంతా పైకి చూసి చూసి మెడలు పట్టేసుకుని తిరుగుతున్నారు. నాగలక్ష్మమ్మ పైకి చూడటం మానేసి వారమైంది. విసుక్కోవడానికి ఆమెకు ఇంట్లోనే చాలినంత ఉంది.

పొయ్యి మీద రెండు గిన్నెలు ఉడుకుతున్నాయి. పెద్దది ఇంటికి. చిన్నది మొగుడు ఎర్రప్పకు. పప్పు రెండు, ఊరిబిండి పచ్చడి రెండు, ఆకుకూర రెండు. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో ఒక పొయ్యి మీద రెండు సంసారాలు నడుస్తున్నాయి. పెద్ద గిన్నెలో రాళ్ళుప్పు వేసి చేయి కొంగుకు గట్టిగా తుడుచుకుంది. రెండో గిన్నె ముట్టుకునే ముందు ఆ చేతికి ఒక్క ఉప్పు రవ్వ కూడా ఉండకూడదు. తర్వాత దేవుని గూట్లో పసుపు కుంకుమల పక్కనున్న పాకెట్టు తీసి, రబ్బరు బ్యాండు విప్పింది. పాకెట్టు మీద ఎర్రటి గుండె బొమ్మ. ఉప్పు తగ్గించాలని, చేతకాకపోతే ఇట్లాంటిది వాడుకోమని అనంతపురం గుండె డాక్టరు చెప్పాడంటూ కొడుకు ఓబిలేషు తెచ్చాడు. ఇంట్లో దాన్ని గుండె ఉప్పు అంటారు. కోడలు హేమావతిని కూడా దాన్ని తాకనీయదు నాగలక్ష్మమ్మ. చిన్న గిన్నె పని మొత్తం తనదే.

మూడు వేళ్ళతో ఒకసారి వేసింది. ఇంకోసారి వేసింది. ఒక క్షణం ఆగి మళ్ళీ ఒకసారి వేసింది. మందు తక్కువైతే పని చేయదు. పైగా చప్పగా ఉందని ఆయన ముద్ద వదిలేస్తే ఎట్లా.

రుచి చూడలేదు. వంట చేస్తూ రుచి చూడటం ఆ ఇంట్లో లేదు. ఇంటి మగవాళ్ళు తినకముందు ఆడది నాలుకకు తగిలించిందంటే అది ఎంగిలి కూడే అని అత్త మొదటి రోజే చెప్పింది. ఉప్పు చేతికి తెలియాలి, నాలుకకు కాదు. నలభై ఏళ్ళలో నాగలక్ష్మమ్మ చేతికి ఉప్పు తప్పింది లేదు.

"ఏమయ్యో, లేస్తావా లేదా?" అంది లోపలి నుంచే. "ముద్ద చల్లగైపోతాది. చల్లగైతే తినవు. తినకుంటే మాత్ర ఏసుకోవు. మాత్ర ఏసుకోకుంటే మళ్ళా నన్నే అంటారు."

ఎర్రప్ప అరుగు మీద కూర్చుని కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. పాదం మీద బొటనవేలితో ఒత్తాడు. గుంట పడింది. గుంట నిండుతుందేమోనని కాసేపు చూశాడు. అది నిండలేదు.

"లేస్తా," అన్నాడు. లేవలేదు.

"కాళ్ళల్లో సత్తువ లేదంటాడు. కుందుర్పికి పొయ్యేకి మాత్రం వస్తాది సత్తువ. మొన్న చేనుకు మందు డబ్బాకని పోయి ఈశ్వరప్ప హోటల్లో గంటసేపు కూసున్న్యాడంట. ఊరంతా చూసినారు. ఆడ ఏముంటాది? బోండా ఉంటాది. నేను ఈడ చిటికెలు లెక్కపెట్టి ఏస్తాంటే, ఆయప్ప ఆడ బోండాలు మింగుతాండాడు."

ఆయన మాట్లాడేది తక్కువ. బోరులో నీళ్ళు తగ్గాయని చెప్పాల్సి వచ్చినా, స్టార్టరు వైపు వేలు చూపించి ఊరుకునే రకం.

"తిన్న్యావా లేదా చెప్పు."

"లేదు."

"లేదంట. మరి కాళ్ళు ఎందుకు వాసినాయి? ఊరికే వాస్తాయా?"

వడ్డించిన తట్ట తెచ్చి ముందు పెట్టింది. ఎర్రప్ప సంగటి ముద్ద విరిచి పప్పులో అద్దాడు. నోట్లో పెట్టుకున్నాక ఆయన దవడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మింగాడు. రెండో ముద్దకు చేయి తట్ట దాకా పోయి అక్కడే ఆగిపోయింది.

"గుండె ఆగి ఆగి కొట్టుకున్నట్టుండాది మే," అన్నాడు.

నాగలక్ష్మమ్మ మొదట దాన్ని కూడా వంకే అనుకుంది. తర్వాత ఆయన పెదాలు చూసింది. ఆ రంగు ఆమెకు నచ్చలేదు.

"హేమా," అని పిలిచింది. "ఓబిలేషుకు ఫోన్ చెయ్యి. వాని ఆటో తీసుకొని రమ్మను."

హేమావతి చేతిలో చాట పట్టుకునే బయటికి వచ్చింది. "యాడికత్తా? అనంతపురమా, కళ్యాణదుర్గమా?"

అదే వచ్చిన చిక్కు. చక్కెరకు కళ్యాణదుర్గంలో ఒక డాక్టరు, గుండెకు అనంతపురంలో ఒకాయన, కిడ్నీలకు అనంతపురంలోనే ఇంకో వీధిలో ఇంకొకాయన. చక్కెర డాక్టరు ఆకుకూరలు బాగా తినమన్నాడు. కిడ్నీల డాక్టరు ఆకుకూరలు తినొద్దన్నాడు. నీళ్ళు తాగమని ఒకరు, తాగొద్దని ఒకరు. చిలక్కొయ్యకు మూడు సంచులు వేలాడుతున్నాయి. చీరల అంగడి సంచి చక్కెరది, విత్తనాల కంపెనీ సంచి గుండెది, పచ్చ గుడ్డసంచి కిడ్నీలది. ఒక సంచిలో కాగితం ఇంకో సంచిలో పడకూడదు. అది ఎర్రప్ప పెట్టుకున్న నియమం. మొదట్లో ఒకసారి గుండె డాక్టరు ముందు చక్కెర చీటీలు తీస్తే, "ఇవి నాకెందుకు, రాసినోళ్ళనే అడుక్కో పో," అన్నాడాయన కాగితాలను మోచేత్తో పక్కకు తోసి. అవి కిందపడ్డాయి. ఎర్రప్ప వంగి ఏరుకున్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా చూశారు. ఆ రోజు నుంచి ఎవరి సంచి వాళ్ళదే.

"ఇప్పుడు వచ్చిండేది ఏ సంచి నొప్పో ఎవరికి తెలుసు," అంది నాగలక్ష్మమ్మ. "చక్కెరనా, గుండెనా, కిడ్నీనా? ఈ మనిషికి ఒంట్లో ఒకటీ సరిగా లేదు, ఒకటి ఇంకోదానితో మాట్లాడదు."

"కుందుర్పి సర్కారాసుపత్రిలో కొత్త మేడం వచ్చిందంటత్తా. ముందు ఆడికి పోదాం పా. దగ్గర," అంది హేమావతి.

నాగలక్ష్మమ్మ మూడు సంచులూ తీసి భుజానికి వేసుకుంది. గుండె ఉప్పు పాకెట్టు మడిచి రొండిన దోపుకుంది. యాడికి పోయినా అది ఆమె వెంటే ఉంటుంది. పెండ్లిళ్ళకు పోయినా అంతే. మొగుడి విస్తరి పక్కన కూర్చుని, ఉప్పు లేకుండా విడిగా తీయించిన పప్పులో తన చేత్తో కలిపి పెడుతుంది. చుట్టాలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

*

కుందుర్పి బస్టాండు దగ్గర ఆటో నిదానమైంది. ఆటోలో ఎర్రప్ప ఒరిగి ఉండటం చూసి హోటలు ఈశ్వరప్ప పిండి చేతులతోనే బయటికి వచ్చాడు.

"ఏమక్కా, మళ్ళా పడినాడా అన్న?"

"మళ్ళా ఏంది?"

"మొన్న నా అంగడి ముందర కూలబడిపోయినాడు గదా. కాళ్ళు పలకలేదు. గంటసేపు బల్లమింద పండబెట్టినా. నీతో చెప్పొద్దన్న్యాడు."

"బోండాలు ఎన్ని తిన్న్యాడు?"

ఈశ్వరప్ప ఆమె వైపు వింతగా చూశాడు. "బోండానా? వేడిగా తీసి పెడితే ముట్టలేదక్కా. చట్నీ వాసన మాత్రం చూసినాడు. మీ అక్కకు తెలిస్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ పాతిపెడతాదప్పా అన్న్యాడు."

ఆటో కదిలింది. నాగలక్ష్మమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. సంచులు ఒళ్ళోకి లాక్కుని బయటికి చూస్తూ కూర్చుంది.

సర్కారాసుపత్రిలో కొత్త మేడం, డాక్టరు సునందకు ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. కానీ పొద్దున పది గంటలకే ఓపిక సగం ఖర్చయిపోయిన మనిషిలా ఉంది. ఎర్రప్ప చేయి పట్టుకుని గడియారం చూసింది. మళ్ళీ చూసింది. నర్సును కేకేసి మంచం మీద పడుకోబెట్టించి, రొమ్మునిండా తీగలు అంటించింది. మిషన్లోంచి కాగితం కరకరమంటూ బయటికి వచ్చింది. దాని మీద గీతలు గుడి గోపురాల్లా కోసుగా, ఎడంఎడంగా లేచి ఉన్నాయి.

"పెద్దాయనా, ఎన్నిచోట్ల చూపించుకుంటున్నావు?"

ఎర్రప్ప పెండ్లాం వైపు చూశాడు. "కళ్యాణదుర్గంలో," అన్నాడు.

నాగలక్ష్మమ్మ చీరల అంగడి సంచి ఒక్కటే ముందుకు తోసింది.

"ఆ రెండు సంచుల్లో ఏముంది?"

"అవి వేరే డాక్టర్లవి మేడం. మీరు కోప్పడతారని."

"ఎవరి మీద కోప్పడాలో అవి చూసినాక చెప్తా. ఇట్లియ్యి."

మూడు సంచుల కాగితాలూ ఒకే బల్ల మీద పడ్డాయి. అవి ఒకదాన్నొకటి చూసుకోవడం అదే మొదటిసారి. సునంద వాటిని చకచకా తిరగేసింది. కిడ్నీల రిపోర్టు ఒకటి ఎడమ పక్కన, గుండె డాక్టరు చీటీ కుడి పక్కన పెట్టి, ఒక మాత్ర పేరు కింద గీత గీసింది.

"ఈ మాత్ర రాసినప్పుడు ఈ రిపోర్టు చూసినాడా ఆయన?"

"అడగలేదు మేడం."

సునంద నర్సును ఏదో సూది తీయమంది. 108కి ఫోన్ చేయమంది. సూదిమందు చేతిలోకి నిదానంగా ఎక్కిస్తూ, చూపు మిషను మీదే పెట్టి అడిగింది.

"ఇంట్లో ఏం ఉప్పు వాడతారమ్మా?"

ఆ మాట కోసం నాగలక్ష్మమ్మ ఆర్నెల్లుగా కాచుకుని ఉంది. ఇంతమంది డాక్టర్లు ఆయన ఒంటిని అడిగారు, మాత్రలను అడిగారు. తన పొయ్యిని అడిగింది ఈ మేడం ఒక్కతే. రొండిలోంచి పాకెట్టు తీసి మడత విప్పి, బొమ్మ పైకి కనిపించేటట్టు బల్ల మీద పెట్టింది.

"గుండె ఉప్పు మేడం. ఆయప్పకు వేరే గిన్నె, వేరే గరిటె. మంది ఇండ్లలో ఉప్పు తిననీను. యాడికి పోయినా ఇది నా ఎంటే."

సునంద పాకెట్టును వెనక్కి తిప్పింది. సన్నటి అక్షరాలను కళ్ళకు దగ్గరగా పట్టుకుని చదివింది. పైన ఫ్యాను కటకటమంటోంది. నర్సు కూడా పని ఆపి చూసింది.

"రోజుకు ఎంత వేస్తావు?"

"మామూలు ఉప్పుకు రెండింతలు. ఒగో పూట మూడు."

"ఎందుకు?"

"చప్పగుంటాది గదా మేడం. తినకుండా వదిలిపెడతాంటే ఏం చేసేది? మందే గదా అని."

సునంద సూది తీసేసి దూది ఒత్తి పట్టుకుంది.

"ఇందులో ఉప్పు కొంత తీసేసి ఇంకో లవణం కలుపుతారమ్మా. పొటాషియం అంటారు. మంచి కిడ్నీలైతే ఎక్కువైన దాన్ని మూత్రంలో పంపేస్తాయి. ఆయన కిడ్నీలు పంపలేవు. పైన గుండె డాక్టరిచ్చిన మాత్ర కూడా దాన్నే ఒంట్లో ఆపుతుంది. అది రక్తంలో పేరుకుంటే కండలు సచ్చుబడతాయి. గుండె నిదానిస్తుంది. చివరికి ఆగుతుంది."

"ఇది గుండెకు మంచిదనే గదా మేడం తెచ్చింది."

"గుండెకు మంచిదే. గుండె ఒక్కటే ఉండే మనిషికి."

నాగలక్ష్మమ్మ పాకెట్టు వైపు చూసింది. బొమ్మ ఎర్రగా, నున్నగా ఉంది.

"పెద్దాయనా, నోటికి తేడా తెలియలేదా నీకు?" అంది సునంద.

ఎర్రప్ప గోడ మీద టీకాల పటం చూస్తూ ఉన్నాడు. "కొంచెం చేదుంటాది," అన్నాడు.

"మరి ఇంట్లో చెప్పలేదా?"

"ఒగతూరి చెప్పినా."

ఆ ఒకసారి నాగలక్ష్మమ్మకు గుర్తుంది. ఉగాది ముందర. తాను ఏమందో కూడా గుర్తుంది. సచ్చేకాలానికి నీ నాలిక్కి రుచులు కావాల్సొచ్చినాయా అంది. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెట్టింది పెట్టినట్టు తిన్నాడు, ఈ పొద్దున మొదటి ముద్ద దాకా.

*

అనంతపురం పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నారు. సూదులు, సీసాలు, ఒకపూట రక్తం కడిగే మిషను. ఎర్రప్ప గుండె రెండో రోజుకు దారిలో పడింది. కాళ్ళు మూడో రోజుకు మాట విన్నాయి.

నాగలక్ష్మమ్మ మూడు సంచులనూ కలిపి ఒక మూట కట్టింది. తెల్లకోటు వేసుకుని మంచం దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి ముందూ, అడిగినా అడగకున్నా, మూట విప్పి పోసింది. ఒక పెద్ద డాక్టరు విసుక్కున్నాడు.

"ఇవన్నీ నాకెందుకమ్మా? నేను కిడ్నీలు చూసేవాణ్ణి."

"మనిషి ఒగడే సార్," అంది ఆమె, కాగితాలు అక్కడి నుంచి తీయకుండా. "సంచులే మూడు. చూడు."

ఆయన కాసేపు నిలబడి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కున్నాడు.

మొగుడితో మాత్రం ఆ నాలుగు రోజులూ ఆమె అవసరానికి మించి మాట్లాడలేదు. ఎన్నిసార్లు నోరు తెరిచినా, వచ్చేది పాత మాటల్లాంటి మాటే. లెయ్, తిను, తాగు, కప్పుకో. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన చప్పిడి అన్నం ఆయన గబగబా తినేస్తుంటే పక్కనే నిలబడి చూసింది. అంత ఇష్టంగా తినడం ఆర్నెల్లలో చూడలేదు.

ఐదో రోజు తిరిగి వస్తూ కుందుర్పిలో ఆగారు. సునంద కొత్త కాగితాలన్నీ చదివి, ఒక తెల్లకాగితం మీద గుండె, కిడ్నీలు వేసి, చక్కెర అని రాసి, వాటి మధ్య బాణాలు గీసింది.

"చక్కెర ఏళ్ళ తరబడి కిడ్నీల జల్లెడను పాడు చేసింది. జల్లెడ పాడైతే నీళ్ళు, ఉప్పు ఒంట్లో నిలిచిపోయి బీపీ లేస్తుంది. ఆ బరువు గుండె మోయాలి. గుండె అలిసిపోతే కిడ్నీలకు రక్తం అందదు, అవి ఇంకా చెడతాయి. ఒకదాన్ని విడిచి ఒకదాన్ని చూస్తే ఇట్లే అవుతుంది."

ఎర్రప్ప ఆ బాణాల మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు.

"చేన్లో డ్రిప్పు మాదిరే," అన్నాడు. "బోరు ఇసక కొడతాది. ఇసక ఫిల్టరును మూస్తాది. ఫిల్టరు మూస్తే మోటరు కాల్తాది." వేలు బాణం మీదే ఉంచాడు. "ఫిల్టరుకు ఒగన్ని, మోటరుకు ఒగన్ని పిల్చము మేడం. మెకానిక్ తిప్పేస్వామి ఒగడే వస్తాడు. వచ్చి ముందు బోరు కాణ్ణుంచి చూసుకుంటా వస్తాడు."

అంత పొడుగు మాట ఆయన నోట వినడం నాగలక్ష్మమ్మకే అరుదు. సునంద నవ్వలేదు.

"ఇంక నీకు నేనే తిప్పేస్వామిని. ఏ డాక్టరు ఏం రాసినా ముందు నాకు చూపించు. ఒకే సంచి," అని, నాగలక్ష్మమ్మ వైపు తిరిగింది. "మాత్ర, కిడ్నీ, పాకెట్టు, మూడూ కలిసి చేసిన పని ఇది. నీ ఒక్కదాని తప్పు కాదమ్మా."

నాగలక్ష్మమ్మ తల ఊపింది. ఆ మాట తీసుకున్నట్టు లేదు, వదిలేసినట్టూ లేదు.

*

ఇంటికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పడమట మళ్ళీ మోడం లేచింది. ఓబిలేషు ఒక్కడు దాని వైపు చూసి, చూసినందుకు తనమీద తనకే విసుగేసినట్టు ఆటో తుడుచుకోసాగాడు. ఎర్రప్ప అరుగెక్కి కూర్చున్నాడు. ఈసారి గోడ పట్టుకోలేదు.

వంటింట్లో నాగలక్ష్మమ్మ పాకెట్టును రొండిలోంచి తీసింది. దేవుని గూటి దాకా చేయి పోయి వెనక్కి వచ్చింది. కొంచెం అరచేతిలో పోసుకుంది. మామూలు ఉప్పు మాదిరే ఉంది, తెల్లగా. నాలుకతో అద్దింది.

ముందు ఉప్పగా ఉంది. తర్వాత నాలుక వెనక నుంచి చేదు లేచింది. తుప్పు పట్టిన ఇనుము నాకినట్టు, ఉమ్మేసినా పోని చేదు. నీళ్ళు పుక్కిలించింది. పోలేదు. పీట మీద కూర్చుంది.

"హేమా. దీని వెనక రాసిండేది ఏమి?"

హేమావతి చేతులు తుడుచుకుని పాకెట్టు అందుకుంది. ఆమె ఇంటరు చదివింది. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని చదివి, ఒకచోట ఆగింది.

"కిడ్నీ జబ్బులుండేవాళ్ళు డాక్టరును అడక్కుండా వాడగూడదంట."

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నన్ను యాడ ముట్టనిచ్చినావత్తా? పసుపు కుంకాల పక్కన పెడితివి."

నాగలక్ష్మమ్మ పీట మీంచి లేచింది. కోడలి చేతిలోంచి పాకెట్టు తీసుకుని పెరట్లోకి పోయింది. స్నానాల బచ్చలి నీళ్ళు పారేచోట పోద్దామనుకుంది. అక్కడ కరివేపాకు మొక్క ఉంది. దాన్ని దాటిపోయి, కంపల అవతల ఏమీ మొలవని గరుసు నేలలో గుంట తవ్వి, పోసి పూడ్చింది. వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కుంది.

చిన్న గిన్నెను తోమి అటక మీద బోర్లించింది.

పెద్ద గిన్నె ఒక్కటే పొయ్యి మీద పెట్టింది. సునంద మేడం రాసిచ్చిన కాగితాన్ని హేమావతి గోడకు అంటించి చదువుతుంటే, ఒక్కో పని చేసుకుంటూ పోయింది. బీరకాయ ముక్కలను నానబెట్టి ఆ నీళ్ళు వంచింది, ఉడికించి ఆ నీళ్ళూ వంచింది. ఒక మిరపకాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఇంత జీలకర్ర దంచి వేసింది. సంగటి కెలికి ముద్దలు చేసింది. రాళ్ళుప్పు జాడీ మూత తీయలేదు. హేమావతి జాడీ వైపు చూసింది. అత్త మొహం చూసి ఊరుకుంది.

నలుగురికీ తట్టలు ఒకేచోట వేసింది. ఓబిలేషు, హేమావతి వచ్చి కూర్చున్నారు. ఎర్రప్ప లోపలికి నడిచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నాగలక్ష్మమ్మ గిన్నె తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది. వడ్డించే ముందు గరిటెతో కొంచెం కూర తీసి, అరచేతిలో వేసుకుని, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. నమిలింది. నాలుకను నోరంతా తిప్పి, మళ్ళీ ఒకసారి చూసి, మింగింది. ఓబిలేషు నోరు తెరిచి అమ్మ వైపు చూశాడు. ఎర్రప్ప కూడా చూశాడు.

అప్పుడు ముందుగా ఆయన తట్టలో వడ్డించింది. తర్వాత కొడుక్కూ కోడలికీ వడ్డించింది. అదే గిన్నెలోంచి, అదే గరిటెతో తనకూ వేసుకుని, ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మనిషి, ఆయన పక్కనే కింద కూర్చుంది.

ఓబిలేషు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అలవాటుగా అతని ఎడమ చేయి ఉప్పు జాడీ వైపు కదిలి, దారిలోనే ఆగి, మోకాలి మీదికి తిరిగి వచ్చింది. హేమావతి తల వంచుకుని తింటోంది.

ఎర్రప్ప ముద్ద విరిచాడు. కూరలో అద్దాడు. నోట్లో పెట్టుకున్నాడు. నాగలక్ష్మమ్మ తన తట్ట వైపే చూస్తూ ఆయన దవడ చప్పుడు కోసం కాచుకుంది. అది ఈసారి ఆగలేదు. రెండో ముద్ద విరిచాడు. మూడోది విరిచాడు.

ఆమె కూడా తన ముద్ద విరిచింది. తట్టల్లో వేళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.